తోక లేని ఆంజనేయుడు

రాతికి తోక లేదని మొదట చెప్పింది నేనే. ఎవరూ వినలేదు. నా మాట వినకపోవడం మా ఇంట్లో కొత్త కాదు కాబట్టి నేనూ పెద్దగా బాధపడలేదు.

అప్పుడు నేను ఒషావాలో కూతురి ఇంట్లో ఉండేదాన్ని. చదువుల పేరు చెప్పి మన పిల్లలు విమానాలకు విమానాలు నిండి కెనడాలో దిగుతున్న రోజులవి. మా వీధిలో బేస్‌మెంట్ లేని ఇల్లు లేదు, తెలుగు పిల్లలు లేని బేస్‌మెంట్ అంతకన్నా లేదు. కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందని తెలిస్తే చాలు, చక్కెర కోసం రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు వీధి మలుపు దాకా నిలబడేవాళ్లు. చేతిలో కాగితం, ముక్కు నుంచి నీళ్లు. కాలేజీలో ఏం చెప్తున్నారురా అని అడిగితే ఒక్కడూ తిన్నగా చెప్పడు. "కోర్సుదేముంది అమ్మమ్మా, పీఆర్ రావాలె" అంటాడు. పీఆర్ అంటే ఇక్కడ ఎప్పటికీ ఉండిపోనిచ్చే కాగితం. నేను నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. చదువంటే చదవడానికని అనుకున్నాను. ఇక్కడికొచ్చాక తెలిసింది, చదువంటే ఈ దేశంలో నిలబడడానికి కాలి కింద వేసుకునే పీట అని.

మా కింద ఒక గదిలో ఇద్దరు మగపిల్లలు, ఇంకో గదిలో కరీంనగర్ పిల్ల ఒకతి ఉండేవాళ్లు. ఆ మగపిల్లల గురించి చెప్పడానికేమీ లేదు. తిన్న గిన్నె కడగరు. ఆ పిల్ల నయం. పొద్దున కాలేజీ, సాయంత్రం కాఫీ షాపు, మధ్యలో ఖాళీ దొరికితే మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే తెల్ల ముసలాయనకు ఇంటిపని. ఆయన ఒకప్పుడు బడిపంతులు. భార్య పోయింది. మోకాళ్లు పోయాయి. ఇల్లు అమ్మేసి వృద్ధుల హోముకు పోవడానికి సిద్ధమవుతున్నాడు.

ఆ రాతి మనిషి ఆయన ఇంట్లోదే. మోకాలి ఎత్తు కూడా ఉండడు. చిల్లులు చిల్లులుగా ఉన్న నల్లరాయి. గోచీ పెట్టుకుని నిలబడి ఉంటాడు. ఒక చెయ్యి కిందికి వేలాడుతుంది, ఇంకో చెయ్యి ఛాతీ దగ్గర పిడికిలి బిగించి ఉంటుంది. ఆ పిడికిలి మధ్యలో బొటనవేలు పట్టేంత చిల్లు. మెడ కింద, గోచీ మడతల్లో, ఎండిపోయిన ఎర్రరంగు. ముసలాయన భార్య వయసులో ఉన్నప్పుడు మెక్సికో నుంచి తెచ్చిందట, అప్పట్లో ఎవరూ ఇదేమిటని అడగలేదట. తెచ్చిన తర్వాత దంపతులిద్దరూ ఏం చేశారయ్యా అంటే వాకిట్లో నిలబెట్టి ఆ చిల్లులో గొడుగు గుచ్చారు. వందల ఏళ్ల కిందటి మనిషి, సముద్రాల అవతల నుంచి వచ్చినవాడు, తెల్లవాళ్ల తడిగొడుగు పట్టుకుని నిలబడ్డాడు. గొప్ప మర్యాద.

పోయే ముందు ఆవిడకు బుద్ధి పుట్టింది. దీన్ని తీసుకురాకుండా ఉండాల్సింది, వాళ్లది వాళ్లకు పంపించు అని మొగుడి దగ్గర మాట తీసుకుంది. ఇలాంటివి తిరిగి పంపే పని చేసే ఒక మెక్సికో ఆవిడను ముసలాయన వెతికి పట్టుకున్నాడు. ఆవిడ రావడానికి కొన్ని వారాలు పడుతుందంది. ఈలోపు ఇల్లు ఖాళీ చేయాలి. కొడుకు చూస్తే దాన్ని ఎవరికి అమ్ముదామా అని ఫోటోలు తీస్తున్నాడు. అందుకని ముసలాయన ఆ రాతిని తన భార్య ఉన్ని దుప్పట్లో చుట్టి, ఈ పిల్ల చేతిలో పెట్టాడు. ఒక్కటే అడిగాడు.

"కడగొద్దు, తుడవొద్దు. దాని మీది ఎరుపు దాన్ని చెక్కినవాళ్లు వేసింది. ఇంకేమీ మిగల్లేదు, అదొక్కటే మిగిలింది. అలాగే ఇవ్వాలి."

"అలాగే ఇస్తాను" అని ఈమె మాట ఇచ్చింది. మోసుకొచ్చి మెట్ల కింద అరలో పెట్టింది. ఆమె నడుముకు బామ్ రాసింది నేనే కాబట్టి నాకు ఈ సంగతంతా తెలుసు.

మా అల్లుడిది గుంటూరు. అమెరికాలో కొన్నాళ్లు ఉండి ఇటు వచ్చాడు. కంప్యూటర్ పని, ఇంట్లో కూర్చునే చేస్తాడు. మీటింగులో కనపడాలని పైన ఇస్త్రీ చొక్కా, కనపడదు కదా అని కింద నిక్కరు. ఆయన భక్తి కూడా అదే కొలత. ఊళ్లో గుడి కట్టాలి, దానికి తాను పెద్దగా ఉండాలి, ఈ రెండింట్లో రెండోదే ఆయన అసలు కోరిక. ఒకరోజు హీటరు ఫిల్టరు మార్చడానికి కిందికి పోయి, మెట్ల అర తలుపు తీశాడు. దుప్పటి జారి ఉంది.

"అత్తయ్యగారూ! ఒకసారి కిందికి రండి. చెప్పులు విప్పి రండి!"

పోయాను. నిక్కరు మీద చేతులు జోడించి నిలబడి ఉన్నాడు.

"ఎవరో గుర్తుపట్టారా?"

"ముసలాయన రాయి గదా."

"రాయి అనకండి. ఆంజనేయస్వామి!"

"తోకేది?"

"అరిగిపోయి ఉంటుందండీ."

"తోక ఒక్కటే ఎట్ల అరుగుతది? మూతి అరగలే, చెవులు అరగలే."

"అది కాదండీ. ఆ గోచీ చూడండి. పిడికిలి చూడండి, గద పెట్టే చిల్లు. సింధూరం చూడండి, ఇంకా ఉంది! ఎవరో మహానుభావులు పూజ చేసుకున్న విగ్రహం. మనల్ని వెతుక్కుంటూ మన ఇంటికి నడిచొచ్చాడు."

"నడిచి రాలే. ఆ పొల్ల మోసుకొచ్చింది."

అప్పటికే ఆయన ఫోటో తీసి ఎవరికో పంపుతున్నాడు. నేను మాత్రం ఆ రాతి ముఖం వైపు చూశాను. దేవుడి ముఖంలో కోపమైనా ఉంటుంది, దయైనా ఉంటుంది. ఇందులో రెండూ లేవు. నోరు కొంచెం తెరుచుకుని, కళ్లు తిన్నగా పెట్టి ఉన్నాడు. నిలబడమంటే నిలబడ్డవాడి ముఖం. ముసలాయన ఆ పిల్లకు చెప్పాడట, మెక్సికోలో పాతకాలం గుడి మెట్ల పైన జెండా పట్టుకుని నిలబడేవాళ్లట వీళ్లు. నా పెనిమిటి కూడా అంతే. ఎవరో ఒక లీడరు వస్తున్నాడంటే ఆయన్ని తీసుకుపోయి ఎండలో జెండా ఇచ్చి నిలబెట్టేవాళ్లు. సాయంత్రం జెండా గుర్తుపెట్టుకుని తీసుకుపోయేవాళ్లు, మనిషిని మరిచిపోయేవాళ్లు. ఎవరి జెండా అని అడిగితే "ఇచ్చినోళ్లది" అనేవాడు. ఆయన్ని ఎవరైనా దేవుణ్ని చేస్తే నేను చూస్తూ ఊరుకునేదాన్ని కాదు.

సాయంత్రం ఆ పిల్ల రాగానే అల్లుడు శుభవార్త చెప్పాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"అంకుల్, అది దేవుడు గాదు. జెండా పట్టుకునేటోడు. ఎవరూ ముట్టొద్దని ఆయన చెప్పిండు."

"ముట్టుకోవట్లేదమ్మా, పూజ చేస్తున్నాం. తెల్లాయనకేం తెలుసు ఆంజనేయుడి సంగతి?"

నా కూతురు మధ్యలో కల్పించుకుని "పోనీలే, ఒక దీపం పెడితే తప్పేముంది?" అంది. మా అమ్మాయికి 'తప్పేముంది' అనేది ప్రశ్న కాదు, తీర్పు. మనవరాలు ఫోన్ నుంచి తల ఎత్తకుండా ఇంగ్లీషులో ఏదో అంది. ఆ పిల్ల కిందికి పోయింది. నేను వెనకే పోయాను.

"గట్టిగ చెప్పవేందే?"

"గది ఖాళీ జేయమంటే ఏడికి పోవాలె అమ్మమ్మా? ఈ గది కోసం బయట ఎంతమంది తిరుగుతున్నరో నీకు ఎరుకే గదా."

అదీ నిజమే. అందుకని నేనే అల్లుణ్ని అడిగాను. దీపం, అగరుబత్తి, అంతవరకే అన్నాను. నీళ్లు పోస్తే మాత్రం బాగుండదన్నాను. "మీ మీద ఒట్టు అత్తయ్యగారూ" అన్నాడు. నా మీద ఎందుకో. ఒట్టు ఆయనది, తల నాది.

రాతి మనిషిని అరలోంచి తీసి బట్టల మిషన్ పక్కన స్టూలు మీద నిలబెట్టారు. అగరుబత్తి ఎక్కడ గుచ్చాలా అని కింది మగపిల్లల్లో ఒకడు వెతికాడు. పిడికిలిలో చిల్లు ఉండనే ఉంది. అలా గొడుగు పోయిన చోటికి అగరుబత్తి వచ్చింది.

ఇక బుధవారాల గురించి చెప్పాలి. ఈ దేశంలో ఉండనివ్వడానికి సర్కారు పిల్లలకు మార్కులు వేస్తుంది. వయసుకిన్ని, ఇంగ్లీషుకిన్ని, చేసిన పనికిన్ని. ఇన్ని మార్కుల పైన ఉన్నవాళ్లను తీసుకుంటాం అని అప్పుడప్పుడూ ఒక డ్రా తీస్తుంది. అది ఎక్కువగా బుధవారం పూట పడేది. ఆ వారం కింది మగపిల్లల్లో ఒకడు ఊరికే ఒక అగరుబత్తి గుచ్చి పోయాడు. మధ్యాహ్నం వాడికి పిలుపు వచ్చింది. వాడికి ముందునుంచే మార్కులు సరిపోతున్నాయని వాడికీ తెలుసు. అయినా మెట్ల మీద నుంచి కేకలు పెట్టుకుంటూ పరుగెత్తి ఆ రాతి కాళ్ల మీద పడ్డాడు. మర్నాటికి మా ఫ్రిజ్ మీద ఒక కాగితం వెలిసింది. నేను కూడబలుక్కుని చదివాను. 'పీఆర్ ఆంజనేయస్వామి. బుధవారం దర్శనం. బండ్లు వెనక వీధిలో పెట్టవలెను.'

ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. రిచ్‌మండ్ హిల్ నుంచి ఆఫీసు మానేసి ఒకాయన వచ్చాడు. బర్నబీలో ఉన్న తమ్ముడి కోసం ఒకామె ఫోన్ పట్టుకుని రాతికి చూపించింది. తమ్ముడు ఆ కొస నుంచి చేతులు జోడించాడు. బూట్లు వాకిట్లో గుట్టలు పడేవి, మంచు కరిగి హాలంతా మడుగు. ఇంజినీర్లు, ఫార్మసీ చదివినవాళ్లు, ఇక్కడికొచ్చి ఇంకో డిగ్రీ మొదలుపెట్టినవాళ్లు. అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తోక సంగతి అనుమానం రాలేదు. వచ్చినా అడిగే ధైర్యం లేదు. మార్కులు తగ్గుతాయేమోనని భయం. మా అల్లుడు బొట్టు పెట్టుకుని, ఇప్పుడు నిక్కరు కాకుండా పంచె కట్టుకుని, అందరికీ తీర్థం ఇచ్చాడు. జన్మలో ఆయన కింద కూడా మంచి బట్ట కట్టుకున్నది ఆ బుధవారాల్లోనే.

ఆ పిల్ల ప్రతి బుధవారం సాయంత్రం షిఫ్టు నుంచి రాగానే టార్చి వేసి ఆ ఎరుపు చూసుకునేది. మెడ కింద, గోచీ మడతల్లో. "ఉంది అమ్మమ్మా" అని పైకి వచ్చి చెప్పి అన్నం తినేది.

ఇలా నడుస్తుండగా ఒక బుధవారం మా అమ్మాయి నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆ పిల్లకు పగటి షిఫ్టు పడింది. నేనూ ఆ పిల్లా ఇంట్లో లేని రోజు చూసుకుని అల్లుడు అభిషేకం పెట్టాడు. పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీళ్లు, మళ్లీ నీళ్లు. ఒట్టు ఏమైందని తర్వాత అడిగితే "అందరూ బలవంతం చేశారండీ" అన్నాడు. నేను దిగేసరికి రాతి మనిషి తల నుంచి పాదాల దాకా నువ్వులనూనెలో కలిపిన కొత్త సింధూరంతో నిగనిగలాడుతున్నాడు. నారింజపండు రంగు. పైగా మైనంతో రెండు వెండి కళ్లు అతికించారు. పాపం, అంతకాలం తిన్నగా చూసినవాడికి ఇప్పుడు మెల్లకన్ను వచ్చింది.

ఆ పిల్ల కాఫీ షాపు టోపీతోనే మెట్లు దిగింది. సగంలో ఆగిపోయింది.

"ముందు కడిగిన్రా అంకుల్?"

"శుభ్రంగా కడిగామమ్మా! మడతలన్నీ చేతులతో రుద్ది మరీ."

ఆమె వచ్చి నేలమీద నీళ్లు పోయే తూము దగ్గర కూర్చుంది. అంచుకు అంటుకున్న ఎర్రటి మడ్డిని వేలితో తీసి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అందరూ పోయాక రాతిని దుప్పట్లో చుట్టి తన గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకుంది.

సరిగ్గా అప్పుడే ఆ పిల్లకు ఫోన్ వచ్చింది. మెక్సికో ఆవిడ శనివారం వస్తోంది. ముసలాయనను కూడా హోము నుంచి కారులో వెంట తెస్తోంది.

ఆ మాట వినగానే మా అల్లుడిలో పూజారి పోయి ఇంటి ఓనరు లేచాడు. "నిజంగా అంత పాతదా? కేసులేమైనా అవుతాయా? మా పేరు రానివ్వకమ్మా" అన్నాడు. నిన్నటిదాకా నడిచొచ్చిన స్వామి ఇవాళ ఎవరిదో సరుకైపోయాడు. శుక్రవారం పొద్దున ఆయనకొక ఉపాయం తట్టింది.

"చింతపండు వేసి తోమేద్దాం. బ్రష్‌తో గట్టిగా. ఇత్తడి బిందెలకే మచ్చ ఉండదు కదా. కొత్త ఎరుపూ ఉండదు, పాతదీ ఉండదు. పాత రంగు, దానంతటదే రాలిపోయిందంటే సరిపోతుంది. రాయి నోరు తెరిచి చెప్తుందా?"

మగపిల్లలు ఆహా అన్నారు. చింతపండు నానబెట్టింది కూడా ఆయనే. జీవితంలో మొదటిసారి వంటింట్లో పని చేశాడు.

నేను దిగేసరికి ఆ పిల్ల బట్టలుతికే సింకు దగ్గర నిలబడి ఉంది. సింకులో రాతి మనిషి. ఒక చేతిలో బ్రష్, పక్కన గిన్నెలో చింతపండు గుజ్జు.

"తోముతవా?" అన్నాను.

"ఏం జేయాలె మరి?"

"తోము. ఇప్పటిదాకా జేసింది వాళ్లు. ఇగ ఈ బ్రష్ పెట్టినంక జేసింది నువ్వు."

"నువ్వు గూడ నన్నే అంటున్నవు! మీ అల్లుణ్ని అను."

"ఆయన్ని అని లాభం లేదు, ఆయనకు ఎక్కదు. నీకు ఎక్కుతదని అంటున్న."

బ్రష్ కింద పడేసి, గోడకు ఆనుకుని ఏడ్చింది. ఏడవనిచ్చాను.

"కొడుకును నమ్మలే అమ్మమ్మా ఆయన. నన్ను నమ్మిండు. ఒక్కటే అడిగిండు. ఏ మొహం పెట్టుకుని చెప్పాలె?"

"ఉన్న మొహం పెట్టుకునే చెప్పు. రేపు ఆయన కారు దిగి ఈ నారింజపండును చూసి తెలుసుకునుడు కన్న, ఇయ్యాల నీ నోట వినుడు మేలు."

"ఇల్లు ఖాళీ జేయమంటే?"

"నా కూతురితోని నేను జూసుకుంట. ఆ మాత్రం లేకపోతే నేనెందుకు ఈ మంచుల కూసున్న?"

ముక్కు తుడుచుకుని అక్కడే నిలబడి ఫోన్ చేసింది. ఇంగ్లీషులో మెల్లగా, ఆగి ఆగి చెప్పింది. పాలు అంది, నూనె అంది.  అవతల నుంచి ఒక ముక్క వినిపించింది. ఏమన్నాడే అని అడిగాను. "ముట్టుకోకు, అట్లనే ఉంచు అన్నడు. ఫోన్ పెట్టేసిండు" అంది.

చింతపండు పారేయబుద్ధి కాక చారు పెట్టాను. మా అల్లుడు రెండుసార్లు పోయించుకుని తాగాడు.

శనివారం మెక్సికో ఆవిడ వచ్చింది. వయసు చిన్నది, మాట తక్కువ. ముసలాయన కారులోనే ఉండిపోయాడు. ఆవిడ చేతులకు తొడుగులు వేసుకుని రాతి మనిషి ముందు నేలమీద కూర్చుంది. తిట్టలేదు, అరవలేదు. చిన్న పట్టకారుతో ఆ వెండి కళ్లు ఊడదీసి, సంచిలో వేసి మా అల్లుడికిచ్చింది. ఆయన రెండు చేతులా పుచ్చుకుని కళ్లకద్దుకున్నాడు. సిగ్గనేది పుట్టుకతో రావాలి. ఆవిడ మెడ కింద చూసింది, మడతల్లో చూసింది, నూనె వాసన చూసింది. ఒక రాతి మీద చూపించాల్సినదానికన్నా ఎక్కువ ఓపికే చూపించింది. ఈ దేశంలో ఏ ఆఫీసులోనూ మనిషి మీద అంత ఓపిక నేను చూడలేదు. చివరికి తల అడ్డంగా ఊపింది. నూనె రాయి లోపలికి దిగిందట. పైన ఉన్న పాత ఎరుపు కడిగినప్పుడే పోయిందట. తిరిగి రాదట.

ఆ పిల్ల బయటికి పోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. కారు అద్దం దిగింది. వాళ్లేం మాట్లాడుకున్నారో ఆమె తర్వాత నాకు చెప్పింది.

"నువ్వు చేశావా?" అన్నాడట ముసలాయన.

మా అల్లుడి పేరు చెప్పొచ్చు. చెప్పినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు.

"నా దగ్గర ఉన్నప్పుడు జరిగింది" అంది.

"నేను ఒక్కటే అడిగాను."

"అవును."

అద్దం పైకి పోయింది. చలిలో చేతులు స్వెట్టరు లోపలికి లాక్కుని ఆమె అక్కడే నిలబడింది. ముసలాయన ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరూ ఆ రాతి మనిషిలాగే ఉన్నారు.

లోపల ఆవిడ చిన్న టార్చి తీసి పిడికిలి చిల్లులోకి వేసింది. అందులో ఇరుక్కున్న అగరుబత్తి పుల్లలు ఒక్కొక్కటీ లాగి, బూడిద ఊదింది. మళ్లీ టార్చి వేసింది. నన్ను పిలిచి చూడమంది. కళ్లద్దాలు సర్దుకుని చూశాను. లోతున, మసి అవతల, ఎండిన రక్తం రంగు. నారింజ కాదు. పూజ చేసిన అన్ని చేతుల్లో ఒక్క వేలూ అంత లోపలికి పోలేదు. అందుకే బతికింది.

"ఏయ్ పొల్లా! ఇటు రా!" అని వీధి అదిరేలా కేక వేశాను.

వచ్చి చూసింది. చూసి మళ్లీ పరుగెత్తి కారు అద్దం మీద కొట్టింది. ఆయన దించలేదు. మళ్లీ కొట్టింది. దించాడు. పిడికిలి చిల్లు అనడానికి ఆ పిల్లకు ఇంగ్లీషు మాట దొరకలేదు. తన పిడికిలి బిగించి ఛాతీ దగ్గర పెట్టుకుని, ఇంకో చేతి వేలు అందులో దూర్చి చూపించింది.

"లోపల ఉంది. ఇంకా ఉంది."

ముసలాయన ఆ పిడికిలి వైపు చూశాడు. మంచిదనలేదు, పరవాలేదనలేదు. ఆ మాటలు అంటే నేను నమ్మేదాన్ని కాదు.

"ఆ దుప్పటి మా ఆవిడది," అన్నాడు. "ఆదివారం నువ్వు వచ్చేటప్పుడు తీసుకురా."

రాతి మనిషి పెట్టెలో పడుకుని వెళ్లిపోయాడు. మా అల్లుడు గుమ్మంలో నిలబడి కారు మలుపు తిరిగేదాకా దండం పెట్టాడు. మన పాపం వల్ల స్వామి వెళ్లిపోయాడని సాయంత్రానికి అందరికీ మెసేజ్ పంపాడు. స్టూలు మీద ఎర్రటి గుండ్రం మిగిలింది. మళ్లీ బుధవారం నేను బట్టలు వేయడానికి దిగితే ఆ గుండ్రం ముందు అగరుబత్తి వెలుగుతోంది. ఎవడు పెట్టాడో అడగలేదు.

దానికి ముందు ఆదివారం సంగతి ఇది. ఆ పిల్ల దుప్పటి పట్టుకుని బట్టల మిషన్ ముందు నిలబడి ఉంది. మధ్యలో అరచేయంత నూనె మరక, దాని చుట్టూ నారింజ రంగు. సబ్బు పొడి కూడా పోసేసింది.

"ఉతకకు," అన్నాను.

"గింత మరకుంది అమ్మమ్మా. ఆయన భార్యది."

"ఉండనీ. అట్లనే తీస్కపో."

మిషన్ మూత వేసి, దుప్పటి మడత పెట్టింది. మరక లోపలికి పోయేలా మడిచింది. ఒక క్షణం ఆగి, విప్పి, మరక పైకి కనపడేలా మళ్లీ మడిచింది.